ఒంగోలు లేగదూడ బొమ్మను క్రోషేతో అల్లడం: లేసు పని తెలిసినవారికి వివరమైన సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు చిన్నతనం నుంచి నరసాపురం లేసు అల్లినవారు. చెల్లెలి మనవడి మొదటి పుట్టినరోజుకు ఇవ్వడానికి ఒంగోలు లేగదూడ బొమ్మ ఒకటి అల్లారు. కుట్ల సందుల్లోంచి దూది కనిపిస్తోంది, తల ఒక పక్కకు వాలిపోతోంది, కాళ్ల మీద నిలబెడితే ముందుకు బోర్లా పడుతోంది, అన్నిటికీ మించి అది దూడలా కాక గొర్రెపిల్లలా ఉందని ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. ఇలాంటి బొమ్మలు చేసి అమ్మవచ్చా అని కూడా చివర్లో అడిగారు. పంపిన ఫొటోలు చూశాను. మీ కుట్టు చక్కగా, ఒకే తీరులో ఉంది. లోపమంతా ఆ కుట్టును లేసు పద్ధతిలోనే బొమ్మకు వాడటంలో ఉంది.

నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ లేసు పనికి కుట్ల మధ్య ఉండే ఖాళీయే అందం. అందుకే లేసు అల్లే చేయి నూలును వదులుగా నడిపిస్తుంది, గొలుసు కుట్లతో దూరాలు దాటుతుంది, కాస్త హెచ్చుతగ్గులు వచ్చినా చివర్లో గంజి పెట్టి సాగదీసి ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందని దానికి తెలుసు. బొమ్మ విషయంలో ఆ చివరి అవకాశం లేదు. దూది కూరి మూతి కట్టేసిన తరువాత ఆకారాన్ని సరిచేసే ఉపాయం ఏదీ పనిచేయదు. బొమ్మకు ఆకారం ఇచ్చేది దూది అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆకారం ఇచ్చేది అల్లికే, దూది దానిని లోపలి నుంచి తోసి నిలబెడుతుంది, అంతే. అల్లిక వదులుగా ఉంటే దూది ఎటు దారి దొరికితే అటు తోసుకుపోతుంది. మీరు రాసిన ఇబ్బందుల్లో మొదటిదానికి చాలావరకు మూలం ఇదే, తరువాతి రెండింటిలోనూ దీనికి కొంత పాత్ర ఉంది.

కాబట్టి ముందు నూలు, సూది సంగతి చూద్దాం. మీరు వాడినది మెత్తటి ఆక్రిలిక్ ఊలు, 4 మిల్లీమీటర్ల క్రోషే సూది (చివర కొక్కెం ఉన్నది). ఆ ఊలు ఉండ మీద కాగితంలో అదే కొలత రాసి ఉంటుంది, కానీ ఆ కొలత స్వెట్టర్లకు, శాలువలకు ఉద్దేశించినది. బొమ్మకు అంతకంటే ఒకటి రెండు కొలతలు తక్కువ సూది పట్టుకోవాలి. నా సలహా 4 పోగుల నూలు దారం, 2.5 మిల్లీమీటర్ల సూది. నూలు సాగదు, కుట్టు స్పష్టంగా కనిపిస్తుంది, పసిపిల్లవాడు నోట్లో పెట్టుకున్నా బొచ్చు రాలదు. తెలుపు 50 గ్రాముల ఉండ ఒకటి తీసుకుంటే ఈ దూడకు సరిపోయి మిగులుతుంది, నలుపు చిన్న ఉండ చాలు. మీ ఇంట్లో ఉన్న 20, 40 నంబర్ల లేసు దారంతో కూడా బొమ్మ అల్లవచ్చు, అయితే అది బొటనవేలంత దూడ అవుతుంది, మీ మొదటి బొమ్మకు అంత సన్నపని వద్దు.

నల్ల దారాన్ని కొన్న రోజే పరీక్షించాలి. ఒక మూర ముక్కను తడిపి తెల్ల గుడ్డలో గట్టిగా నొక్కి పెట్టండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం ఈ బొమ్మకు పనికిరాదు, ఎందుకంటే తెల్లదూడను మొదటిసారి ఉతికిన రోజే మూతి చుట్టూ బూడిదరంగు మరక పరుచుకుంటుంది.

ఇక కుట్టు. బొమ్మంతా ఒకే కుట్టుతో నడుస్తుంది, అమెరికా నమూనాల్లో దానిని సింగిల్ క్రోషే అంటారు. అదే కుట్టును బ్రిటిష్ నమూనాల్లో డబుల్ క్రోషే అంటారు కనుక నమూనా ఏ పద్ధతిలో రాసినదో ముందు చూసుకోవడం అవసరం. ఈ రోజుల్లో సింగిల్ క్రోషే అన్న మాట కనిపించిందంటే అది అమెరికా పద్ధతి అని ధైర్యంగా అనుకోవచ్చు. మీ ఫొటోలో రెండో కాలు మిగిలిన వాటికంటే పొడవుగా, సందులతో ఉంది. అది వేరే నమూనా చూసి పొడవు కుట్టుతో అల్లారేమోనని నా అనుమానం.

ఆ కుట్టును వేసే తీరులో ఒక చిన్న మార్పు చేసుకుంటే మీ మొదటి ఇబ్బంది సగం తీరుతుంది. సూదిని కుట్టులో దూర్చిన తరువాత దారాన్ని సూది మీదుగా చుట్టి బయటికి లాగడం మనకు అలవాటు. అలా చుట్టకుండా, సూదిని దారం మీదికి తీసుకెళ్లి, కొక్కెంతో దారాన్ని నేరుగా పట్టి లాగండి. ఆ తరువాత మిగిలిన రెండు ఉచ్చుల్లోంచి లాగేటప్పుడు మాత్రం మామూలుగానే చుట్టాలి. మామూలు పద్ధతిలో కుట్టు ముఖం ఇంగ్లీషు వి అక్షరంలా తెరుచుకుని కనిపిస్తుంది, ఈ పద్ధతిలో ఎక్స్ గుర్తులా బిగుసుకుంటుంది. కుట్టు పొట్టిగా, దగ్గరగా వస్తుంది, వరుసలు పక్కకు జారడం కూడా తగ్గుతుంది. మొదట్లో మణికట్టు కొంచెం నొప్పిపెడుతుంది, సూది దూర్చడం కష్టమనిపిస్తుంది, కానీ లేసు పని చేసిన చేతికి ఇది త్వరగానే అలవడుతుంది.

బిగువు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి, అసలు పని మొదలుపెట్టకముందే 36 కుట్ల వరకు ఒక చిన్న బిళ్ల అల్లి, చూపుడువేలిని దాని వెనకవైపు ఆనించి గట్టిగా నొక్కి పగటి వెలుతురులో చూడండి. అల్లిక కొద్దిగా ఉబ్బాలి గాని గోరు రంగు కుట్ల సందుల్లో కనిపించకూడదు. కనిపిస్తే చేయి బిగించడానికి ప్రయత్నించవద్దు, సూదినే 2.25కో 2కో మార్చండి. చేతిబిగువు సాయంత్రానికి మారిపోతుంది, సూది కొలత మారదు.

మొదలుపెట్టే చోట కూడా లేసు అలవాటును వదులుకోవాలి. నాలుగైదు గొలుసు కుట్లు కలిపి చక్రంగా చేసి దానిలో అల్లడం లేసు పూలకు బాగుంటుంది, ఎందుకంటే నడుమ బొడ్డులా ఖాళీ ఉండటం అక్కడ అందమే. బొమ్మకు ఆ ఖాళీలోంచే మొదట దూది బయటికొస్తుంది. దానికి బదులు దారాన్ని వేలికి ఒక చుట్టు చుట్టి, ఆ చుట్టులోనే 6 కుట్లు వేసి, తోక దారాన్ని (మొదట్లో వదిలిన కొసను) లాగితే నడుమ పూర్తిగా మూసుకుపోతుంది. దీనినే మ్యాజిక్ రింగ్ అంటారు. తోక దారాన్ని పొట్టిగా కత్తిరించవద్దు, లోపలివైపు రెండు మూడు కుట్లలో వెనక్కీ ముందుకీ తిప్పి కుడితేనే అది మళ్లీ తెరుచుకోదు. అలాగే లేసులో ప్రతి వరుస చివరా స్లిప్ కుట్టుతో (ఎత్తు లేకుండా కలిపే కుట్టు) కలిపి, గొలుసు ఎక్కి, కొత్త వరుస మొదలుపెడతాం. బొమ్మలో అలా చేస్తే వీపు పొడవునా ఒక గీత పడుతుంది. కలపకుండా చుట్టూ అలా అల్లుకుంటూ పోవాలి, వరుస ఎక్కడ మొదలైందో తెలియడానికి మొదటి కుట్టులో వేరే రంగు దారపు ముక్కను గుర్తుగా పెట్టి, వరుస మారినప్పుడల్లా పైకి జరుపుకోవాలి.

ఇప్పుడు దూడ ఒంటి లెక్క. దీనిని పిరుదుల వైపు నుంచి మొదలుపెట్టి ఛాతీ వైపు ముగించండి. మొదలు తోక కింద దాగుతుంది, ముగింపు మెడ కింద దాగుతుంది. మొదటి వరుస 6 కుట్లు, ఆ తరువాత వరుసకు 6 చొప్పున పెంచుతూ 12, 18, 24, 30, 36. అంటే రెండో వరుసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, మూడో వరుసలో ఒకటి మామూలుగా వేసి తరువాతి దానిలో రెండు, నాలుగో వరుసలో రెండు మామూలుగా వేసి మూడో దానిలో రెండు, ఇలా సాగుతుంది. పెంచిన కుట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితే గుండ్రన పోయి ఆరు మూలలు తేలతాయి. అందుకని ఒక వరుస విడిచి ఒక వరుసలో మామూలు కుట్లలో సగం మొదట్లోనూ మిగతా సగం చివర్లోనూ వేయండి. 36 వచ్చాక 14 వరుసలు పెంచకుండా అల్లి, ఆపైన 30, 24, 18, 12, 6 చొప్పున తగ్గించాలి. నూలు దారంతో ఒళ్లు మీ అరచేతిలో ఇమిడేంత అవుతుంది.

తగ్గించేటప్పుడు రెండు కుట్లను పూర్తిగా కలిపి వేస్తే అక్కడొక ముడిలా ఉబ్బి పక్కన చిల్లి పడుతుంది. మీ ఫొటోలో దూది ఎక్కువగా తొంగిచూస్తున్నది ఆ చిల్లుల్లోంచే. రెండు కుట్లకూ ముందువైపు ఉచ్చులను మాత్రమే సూదికి ఎక్కించి, ఆ రెండింటిలోంచి ఒకేసారి దారం లాగి, మామూలు కుట్టులా ముగించండి. ఎక్కడ తగ్గించారో వెతికినా దొరకదు.

దూది గురించి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. పాలిస్టర్ దూదే వాడండి. ఇంట్లో పాత దిండులోని బూరుగు దూది ఉందని రాశారు. అది మెత్తగానే ఉంటుంది గాని, ఉతికితే గడ్డ కడుతుంది, గోదావరి జిల్లాల వానాకాలపు చెమ్మలో లోపల ఆరదు, వాసన పడుతుంది. దూదిని వేళ్లతో చిన్న చిన్న పాయలుగా విడదీసి, ముందు అల్లిక గోడల వెంబడి పరిచి, తరువాత నడిమిభాగం నింపాలి. ఉండగా చుట్టి దూర్చిన దూది ఎప్పటికీ ఉండగానే ఉండి బయటికి బొడిపెలా తెలుస్తుంది. 18 కుట్ల మూతి మిగిలినప్పుడే చాలావరకు నింపేసి, చివరి వరుసల తరువాత సూది వెనకభాగంతో కొద్దికొద్దిగా తోయండి. నొక్కితే వేలి గుంట వెంటనే పైకి లేవాలి. అంతకు మించి కూరితే కుట్లు సాగి మళ్లీ సందులు పడతాయి.

కాళ్లు నిలబడకపోవడానికి మీ బొమ్మలో రెండు కారణాలు కనిపిస్తున్నాయి, ఒకటి గిట్ట అడుగు గుండ్రంగా ఉండటం, రెండోది కాళ్ల చోటు. గిట్టకు నల్ల దారంతో 6, 12, 15 కుట్లు వేయండి (12 నుంచి 15కు ప్రతి నాలుగో కుట్టులో రెండు వేస్తే సరిపోతుంది). తరువాతి వరుసను మాత్రం కుట్టు వెనక ఉచ్చులో మాత్రమే అల్లండి. ఆ ఒక్క వరుస వల్ల అడుగుకూ గోడకూ మధ్య పదునైన అంచు ఏర్పడి, అడుగు బల్లపరుపుగా నిలుస్తుంది. ఇంకొక నల్ల వరుస వేసి, తెల్లదారానికి మారి 7 వరుసలు అల్లితే కాలు పూర్తయింది. రంగు మార్చేటప్పుడు, చివరి నల్ల కుట్టును ముగించే ఆఖరి లాగుడులోనే తెల్లదారం అందుకోవాలి, కుట్టు ముగిశాక అందుకుంటే రంగు అంచు చిరిగినట్లు కనిపిస్తుంది. వదిలేసిన నల్లదారాన్ని తెల్ల అల్లిక లోపల మోసుకుపోవద్దు, నీడలా బయటికి తెలుస్తుంది.

ఐస్‌క్రీం డబ్బా మూత నుంచి గిట్ట కొలతకు గుండ్రటి ముక్క కత్తిరించి, అంచులు గరుకు లేకుండా నున్నగా చేసి, అడుగున పెడితే కాలు మరింత స్థిరంగా ఉంటుంది. బరువు కోసం గులకరాళ్లు, పూసలు పోసేవారున్నారు. ఏడాది పిల్లవాడి బొమ్మలో వాటికి చోటు లేదు. నల్ల గిట్టలో తెల్ల దూది చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది కూడా, ఎంత బిగించి అల్లినా ఇది కొంత ఉంటుంది. నల్ల బ్లౌజు గుడ్డ ముక్కను లోపల పొరగా పెట్టి ఆపైన దూది కూరితే ఆ బాధ ఉండదు.

నాలుగు కాళ్లకు దూదిని ముందే నాలుగు సమానమైన కుప్పలుగా పెట్టుకోండి. అడుగున గట్టిగా, పైన వదులుగా నింపి, పై మూతి తెరిచే ఉంచండి. వెనక కాళ్లను ఒంటి మీద 7 నుంచి 11 వరుసల మధ్య, ముందు కాళ్లను 16 నుంచి 20 వరుసల మధ్య, కుడి ఎడమ కాళ్ల నడుమ 3 కుట్లు ఖాళీ వదిలి గుండుసూదులతో నిలపండి. ఒళ్లు గుండ్రంగా ఉంది కనుక కాలి బయటి అంచు పొట్ట మీదికి లోపలి అంచు కంటే కొంచెం పైకి రావాలి, లేకపోతే కాళ్లు చీలిపోయి దూడ చతికిలబడుతుంది. మీ బొమ్మ ముందుకు పడటానికి ముఖ్య కారణం ముందు కాళ్లు పొట్ట నడుమకు రావడమే, తల బరువంతా వాటికి ముందు వేలాడుతోంది. కాళ్లతో పాటు తల, మెడ కూడా గుండుసూదులతో నిలిపి, బల్ల మీద నిలబెట్టి చూసి, అది కదలకుండా నిలిచాకే దారం ఎక్కించండి. కుట్టడం అయ్యాక గుండుసూదులను లెక్కపెట్టి డబ్బాలో వేయాలి, ఎన్ని పెట్టారో అన్నీ తిరిగి రావాలి.

ఇక గొర్రెపిల్ల ఫిర్యాదు. నాకు ఈ ప్రశ్నలో అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే. అంతర్జాలంలో దొరికే ఆవు బొమ్మల నమూనాలు చాలావరకు నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవులవి, గుండ్రటి తల, గులాబీరంగు మూతి, ముందుకు చూసే పెద్ద కళ్లు. మచ్చలు తీసేసి ఆ నమూనానే తెల్లదారంతో అల్లితే గొర్రెపిల్ల రాక మరేం వస్తుంది? ఒంగోలు జాతిని గుర్తుపట్టించే లక్షణాలు వేరు. తెల్లటి ఒంటి మీద నల్లటి మూతి, నల్లటి గిట్టలు, తోక చివర నల్ల కుచ్చు, కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్లు నల్లటి చర్మం, పొడవాటి ముఖం, మూపురం, మెడ కింద మడతలుగా వేలాడే గంగడోలు, కొద్దిగా కిందికి వాలిన చెవులు. బొమ్మలో ఇవన్నీ చూపించనక్కరలేదు. నా లెక్కలో పొడవాటి ముఖం, మూపురం, కంటి నలుపు, ఈ మూడూ ఉంటే ప్రకాశం జిల్లా రైతు కూడా ఆక్షేపించడు. ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లిన ఒంగోలు పశువుల సంతతే అక్కడ నెలోరె పేరుతో పెరుగుతోంది కనుక, ఇంకా నమూనాలు కావాలనుకుంటే ఆ పేరుతో వెతికి చూడండి.

తలను మూతి వైపు నుంచి నల్లదారంతో మొదలుపెట్టండి. 6, 12, 18 కుట్లు, ఆపైన రెండు వరుసలు పెంచకుండా. తెల్లదారానికి మారి ఇంకో రెండు వరుసలు 18తోనే. ఇక్కడ వరుస మొదలు గడ్డం కిందికి వచ్చేటట్లు చూసుకోవాలి, రంగు మారిన చోట కనిపించే మెట్టు అక్కడ దాగుతుంది. ఎనిమిదో వరుసలో పెంచడాన్ని చుట్టూ పంచవద్దు. గడ్డం వైపు 3 మామూలుగా వేసి, నుదుటి వైపు 12 కుట్లలో ఒకటి మామూలుగా, ఒకదానిలో రెండు చొప్పున సాగి, చివరి 3 మామూలుగా వేస్తే 24 అవుతాయి. రెండు వరుసలు అలాగే అల్లి, పదకొండో వరుసలో మళ్లీ 3 మామూలుగా, నడుమ 18 కుట్లలో రెండు మామూలుగా ఒకదానిలో రెండు చొప్పున, చివర 3 మామూలుగా వేస్తే 30. దవడ తిన్నగా ఉండి నుదురు మాత్రమే పైకి లేస్తుంది, గొర్రెపిల్ల ముఖానికీ దూడ ముఖానికీ తేడా అక్కడే తేలిపోతుంది. 30 కుట్లతో 4 వరుసలు అల్లి, 24, 18, 12, 6గా తగ్గించండి.

తల మూయకముందే కళ్లు కుట్టేయాలి, ముడులన్నీ లోపలే ఉండిపోతాయి. పదకొండు, పన్నెండో వరుసల మీద, నుదుటి మీదుగా రెండు కళ్ల మధ్య 11 కుట్లు వదిలి, నల్లదారంతో బాదంకాయ ఆకారంలో నిండుగా కుట్టి, మూలలను కాస్త సాగదీయండి. కళ్లు ముఖానికి పక్కలకు ఉండాలి. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ సేఫ్టీ కళ్లు వాడుదామా అని మీకు అనిపించవచ్చు. వెనక వాషరు బిగిస్తే అవి ఊడవన్నది గుడ్డ బొమ్మల్లో కొంతవరకు నిజం, అల్లిక మాత్రం సాగే వస్తువు, పిల్లవాడు పళ్లతో పట్టి లాగితే కుట్టు తెరుచుకుని కన్ను వాషరుతో సహా బయటికి రాగలదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు దారపు కళ్లు తప్ప మరేవీ వద్దు. మెడలో ఇత్తడి మువ్వ కడదామని రాశారు, అదీ ఇదే కారణంగా వద్దు. ఎర్రదారంతో సన్నటి పట్టెడ అల్లి మెడకు పూర్తిగా కుట్టేసి, నడుమ పసుపు దారంతో మువ్వ ఆకారం కుట్టండి.

తల వాలిపోవడానికి ముఖ్య కారణం, దానిని ఒంటికి నేరుగా నాలుగైదు కుట్లతో తగిలించడం. మధ్యలో మెడ ఉండాలి. 18 గొలుసు కుట్లు వేసి మెలిక పడకుండా కలిపి, చుట్టూ రెండు వరుసలు 18తో, మూడో వరుసలో కిందివైపు మాత్రమే మూడు పెంచి 21, నాలుగోది అలాగే, ఐదో వరుసలో మళ్లీ కిందివైపే మూడు పెంచి 24 చేయండి. 18 కుట్ల అంచు తలకు, 24 కుట్ల అంచు ఛాతీ పైభాగానికి వస్తాయి. ఒంటికి కుట్టేటప్పుడు చివర కొంచెం సందు ఉంచి, ఇక పట్టదనిపించిన తరువాత కూడా ఇంకొంచెం దూది తోసి అప్పుడు మూయండి. బొమ్మ మొత్తంలో దూది అణిగిపోయే చోటు మెడే, పిల్లలు పట్టుకునేదీ అక్కడే.

మూపురానికి 6, 12, 18 వేసి రెండు వరుసలు పెంచకుండా అల్లి, కొద్దిగా దూది పెట్టి, సరిగ్గా ముందు కాళ్ల మీదుగా వీపున కోలగా కుట్టండి. లేగదూడకు మూపురం చిన్నదే ఉంటుంది, దానిని పెద్దది చేస్తే దూడ పోయి కోడె వస్తుంది. గంగడోలుకు దూది అక్కరలేదు. 15 గొలుసు కుట్లు వేసి, సూది నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి వరుసగా 2 స్లిప్ కుట్లు, 3 సింగిల్, 4 హాఫ్ డబుల్ (సింగిల్ కంటే కాస్త పొడవైన కుట్టు), 3 సింగిల్, 2 స్లిప్ వేస్తే నడుమ వెడల్పుగా, చివర్లు సన్నగా ఉన్న పట్టీ వస్తుంది. గొలుసు అంచును గడ్డం కింది నుంచి ముందు కాళ్ల నడుమ వరకు కుట్టండి. ఇక్కడ మాత్రం మీ లేసు చేతిని స్వేచ్ఛగా వదిలేయండి, వదులుగా అల్లితేనే అది నిజమైన గంగడోలులా ఊగుతుంది.

చెవులకు 6, 9, 12, ఆపైన రెండు వరుసలు అల్లి, చదును చేసి, మొదలును మడిచి, కొన కిందికి వాలేటట్లు కుట్టండి. తోకకు మూడు పాయల జడ, చివర నల్ల కుచ్చు, బెత్తెడు మించకుండా. కొమ్ములు లేగదూడకు ఉండవు కనుక ఆ పని తప్పింది.

ఇప్పటికే చేసిన బొమ్మను విప్పేయాలా అని అడిగారు. ఒళ్లు విప్పక తప్పదు, సందులు పడిన అల్లికకు తరువాత చేయగలిగింది ఏమీ లేదు. అయితే తల కాస్త బాగానే వచ్చింది, దానిని ఉంచుకుని కళ్లు మళ్లీ కుట్టి, కొత్త బొమ్మ పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి వాడండి.

అమ్మకం విషయం. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు అమల్లో ఉంది. దాని ప్రకారం బొమ్మ ఐఎస్ 9873 ప్రమాణాలకు లోబడి, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లైసెన్సుతో ఐఎస్ఐ గుర్తు కలిగి ఉండాలి. చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తామే తయారు చేసి అమ్మే వస్తువులకు ఇందులో మినహాయింపు ఉంది. లేసు కళాకారిణిగా మీకు ఇప్పటికే పెహచాన్ కార్డు (ఆ కమిషనర్ కార్యాలయం ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డు) ఉంటే ఆ కార్డులో ఏ చేతిపని పేరు నమోదైందో చూసుకుని, బొమ్మలు దాని కిందికి వస్తాయా లేదా అని ఆ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్న తరువాతే అమ్మకం మొదలుపెట్టండి. మినహాయింపు ఉన్నా, అమ్మే ప్రతి బొమ్మకూ కాళ్లు, చెవులు, తోక ఒక్కొక్కటిగా పట్టుకుని బలంగా లాగి చూడటం మానవద్దు. కొన్నవారికి ఇచ్చే చీటీ మీద చల్లటి నీటిలో చేతితో ఉతకాలని, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కాలని, తోకతో వేలాడదీయకుండా నీడలో పడుకోబెట్టి ఆరబెట్టాలని రాసి పెట్టండి.